పాత కంప్యూటర్లు స్క్రాప్‌కు అమ్మితే కేసవుతుందా?

ప్రశ్న: తెనాలిలో చిన్న డయాగ్నస్టిక్ ల్యాబ్ నడుపుతున్నాను. వేరే చోటికి మారుతూ 9 పాత కంప్యూటర్లు, 2 యూపీఎస్‌లు, రక్తపరీక్షల ఎనలైజర్ ఒకటి, ఇనుప ర్యాకులు పాత సామాన్ల వ్యాపారికి బేరం పెట్టాను. అతను 2 వేలు అడ్వాన్సు ఇచ్చాడు. ఈ-వేస్ట్ అలా అమ్మితే జైలేనని మా బావమరిది భయపెడుతున్నాడు. నిజమేనా?

జవాబు: జైలు టెన్షన్ వదిలేయండి. మీ బావమరిది చెబుతున్నది పాత చట్టం. పర్యావరణ పరిరక్షణ చట్టం 15వ సెక్షన్‌లో ఒకప్పుడు ఐదేళ్ల దాకా జైలు ఉండేది. 2024 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా వచ్చింది. ఆ జరిమానా కట్టకుండా ఎగ్గొడితే మాత్రం మళ్లీ జైలు మాట వస్తుంది.

2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల్లో, కాలుష్య నియంత్రణ మండలి దగ్గర రిజిస్టరైన వాళ్లకే పాత పరికరాలు ఇచ్చి తీరాలన్న షరతు ‘బల్క్ కన్స్యూమర్’కు పెట్టారు. ఏడాదిలో ఎప్పుడైనా కనీసం 1,000 పరికరాలు వాడిన సంస్థ అన్నమాట. మీరు ఆ లెక్కలోకి రారు. అలాగని కంప్యూటర్లు ఆ పాత సామాన్ల వ్యాపారికే ఇచ్చేయమని చెప్పను. ఊరి బయట వైర్లు కాల్చి రాగి తీసే చోటికే ఆ సరుకు చేరుతుంది.

యూపీఎస్ బ్యాటరీల సంగతి వేరు. 2022 బ్యాటరీ నిబంధనలు చిన్నా పెద్దా వినియోగదారులందరికీ వర్తిస్తాయి. వాటిని మామూలు చెత్తలో కలపకూడదు. కొత్తవి కొనే షాపులో పాతవి మార్చుకోవడం తేలిక. ఎనలైజర్‌లో రక్తం తగిలిన ట్యూబులు, ప్రోబులు ఉంటే అవి స్క్రాప్ కానే కావు, బయోమెడికల్ వ్యర్థాలు. రోజూ మీ ల్యాబ్ వ్యర్థాలు తీసుకెళ్లే వాళ్లకే ఇవ్వండి.

మీరు అడగలేదు గానీ, నాకు అసలు భయం ఆ 9 హార్డ్ డిస్కుల గురించే. పేషెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు, షుగర్, హెచ్‌ఐవీ రిపోర్టులు అన్నీ అందులోనే ఉంటాయి. డిలీట్ కొట్టినంత మాత్రాన అవి పోవు. నిర్లక్ష్యంగా వదిలేసిన సమాచారం వల్ల ఎవరికైనా నష్టం జరిగితే సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 43ఏ సెక్షన్ కింద పరిహారం కట్టాల్సి రావచ్చు. సొంత వ్యాపారం చేసుకునే ఒక్క మనిషి కూడా ఆ సెక్షన్ పరిధిలోకి వస్తాడు. కాబట్టి డిస్కులు విప్పించి, అవసరమైన రికార్డులు కాపీ చేసుకుని, మీ కళ్లెదుటే డ్రిల్లుతో తూట్లు పొడిపించండి.

కంప్యూటర్లు తీసుకునే రీసైక్లర్ పేరు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో ఉందో లేదో చూసుకోండి. రసీదులో ‘పాత సామాను’ అని రాస్తే ఒప్పుకోకండి. ఒక్కో మిషన్ సీరియల్ నంబరు రాయించండి.

ఇక అడ్వాన్సు. నోటిమాటగా కుదిరినా ఒప్పందం ఒప్పందమే, అతనితో తగువు ఎందుకు? ఇనుప ర్యాకులు అమ్మడానికి ఏ అడ్డూ లేదు. అవి అతనికే ఇచ్చి, ఆ 2 వేలు వాటి ధరలో చెల్లు వేసుకోండి.