వెయిన్ ఫైండర్‌లో నరం స్పష్టంగా కనిపిస్తున్నా కాన్యులా ఎందుకు తప్పుతోంది?

పిల్లల వార్డులో వెయిన్ ఫైండర్ (చర్మం కింద నరాన్ని, అంటే సిరని, ఇన్‌ఫ్రారెడ్ కాంతితో చూపే మిషను) పెడితే నరం గీతలా చక్కగా కనపడుతోంది, కాన్యులా (సూది మీద ఉండే, నరంలో పెట్టే సన్నటి ప్లాస్టిక్ గొట్టం) గుచ్చితే మాత్రం రక్తం రావట్లేదని మీరన్నారు. షుగర్ పేషెంట్లకు తీసే ఫండస్ (కంటి లోపలి వెనక భాగం) ఫొటోలు మసకగా ఎందుకొస్తున్నాయని కూడా అడిగారు. ముందు మొదటి దాని సంగతి చూద్దాం.

మిషను వేసే ఇన్‌ఫ్రారెడ్ కాంతిని నరంలోని రక్తం పీల్చుకుంటుంది, చుట్టూ ఉన్న కొవ్వు, చర్మం వెనక్కి చెదరగొడతాయి. ఆ తేడానే కెమెరా పట్టి చర్మం మీద బొమ్మగా వేస్తుంది. కాబట్టి నరం ఎటు పోతోందో తెలుస్తుంది, ఎంత లోతులో ఉందో తెలియదు. 2 మి.మీ. లోతున ఉన్నదీ 6 మి.మీ. లోతున ఉన్నదీ చూపుకి ఒకేలా ఉండొచ్చు. సుమారు 10 మి.మీ. దాటితే కనపడదు. మీ సూది తప్పడానికి మొదటి అనుమానం ఇదే. గీత దొరికాక వేలితో నొక్కి చూడండి. స్పంజిలా దిగి పైకి లేస్తే పనికొచ్చే నరం, తాడులా గట్టిగా తగిలితే వదిలేయండి. గీత మీద ఒక వేలు ఆనించి, రెండో వేలితో రక్తాన్ని గుండె వైపు తోసి, మొదటి వేలు తీయండి. ఖాళీ అయిన గీత వెంటనే నిండితే నరం తెరిచి ఉన్నట్టే.

రెండోది, మిషను వాల్చి పట్టుకోవడం. చర్మానికి నిట్టనిలువుగా, మోడల్‌ని బట్టి సుమారు జానెడు దూరంలో ఉండాలి. కొంచెం పక్కకి వాలినా బొమ్మ అసలు నరం మీద నుంచి జరుగుతుంది. పసిబిడ్డ నరమే సన్నం, ఆ కాస్త జరుగుడు చాలు సూది పక్కన పడటానికి. స్టాండుంటే వాడండి, లేకపోతే రెండో మనిషి పట్టుకోవాలి. ఒంటిచేత్తో మిషను, ఇంకో చేత్తో సూది అంటే చర్మాన్ని లాగి పట్టుకునేదెవరు? పిల్లల్లో నరం జారిపోయేది అక్కడే.

టోర్నికే (నరం ఉబ్బడానికి చేతికి కట్టే పట్టీ) మరీ బిగిస్తే ధమని కూడా మూసుకుని నరం నిండదు. కింద నాడి తగులుతూ ఉండాలి, నిమిషం దాటనివ్వకండి. చెయ్యి చల్లగా ఉంటే ముందు కొన్ని నిమిషాలు గోరువెచ్చని గుడ్డ చుట్టండి. 24 సైజు పసుపు కాన్యులాని 10–15 డిగ్రీల కోణంలో, గీత మీద కాకుండా దానికి కాస్త ముందు గుచ్చాలి. సూది, గ్లవ్ మీద కూడా బొమ్మ పడి కళ్ళని మోసం చేస్తుంది. రక్తం కనపడగానే ఆగిపోకండి. అప్పటికి సూది మొన మాత్రమే లోపలుంటుంది, ప్లాస్టిక్ గొట్టం ఇంకా బయటే. కోణం తగ్గించి ఇంకో 1–2 మి.మీ. పోనిచ్చి, అప్పుడు గొట్టాన్ని జార్చండి.

పాత గుచ్చుడు దగ్గర కమిలిన రక్తం కూడా నల్లటి మచ్చగా కనపడుతుంది. దట్టమైన వెంట్రుకలు, పచ్చబొట్టు కూడా బొమ్మని చెడగొడతాయి. మోచేతి మడతలో, మణికట్టు దగ్గర నాడి కొట్టుకుంటోందేమో చూడకుండా గుచ్చొద్దు. బిడ్డ కళ్ళ మీద కాంతి పడనివ్వకండి. నరాలు మామూలుగా కనిపించే పిల్లల్లో ఈ మిషను వల్ల పెద్ద తేడా ఉండదని నా అభిప్రాయం. బొద్దుగా ఉన్న బిడ్డలకే పనికొస్తుంది. రెండుసార్లు తప్పితే అనుభవం ఉన్నవారిని పిలవాలి, లోతు నరమైతే అల్ట్రాసౌండ్.

ఇక ఫండస్ ఫొటోలు. కంటిపాపని పెద్దది చేసే చుక్కల మందు వేయకుండా తీస్తే కంటిపాప కనీసం 4 మి.మీ. తెరుచుకోవాలి. లైట్లు ఆర్పి 5 నిమిషాలు కూర్చోబెట్టండి. ఒక కంటికి ఫ్లాష్ కొట్టగానే రెండో కంటిపాప కూడా ముడుచుకుంటుంది కాబట్టి మధ్యలో కొన్ని నిమిషాలు ఆగాలి. అంచున ఒక పక్క నెలవంకలా మెరుపొస్తే కెమెరా పాప మధ్యలో లేదు. చుట్టూ నీలిపొగలా ఉంటే దూరం తప్పింది. అందరి ఫొటోల్లో ఒకే చోట మచ్చ ఉంటే లెన్సు మీద దుమ్ము. ఇవేవీ కాకుండా మొత్తం మసకగా ఉంటే శుక్లం కావొచ్చు. పదేపదే ఫ్లాష్ కొట్టకుండా కంటి డాక్టరు దగ్గరికి పంపండి.