డ్రగ్ దొరికినంత మాత్రాన కారణం తేలినట్టేనా?

ప్రశ్న: మా అన్న కొడుకు మే నెలలో అద్దె రూములో చనిపోయాడు. ఒళ్లు జ్వరంతో కాలిపోయిందని స్నేహితులు చెప్పారు. విస్రాలో (పోస్ట్‌మార్టంలో పరీక్షకు తీసిన లోపలి అవయవాల ముక్కలు) మెథాంఫెటమిన్ అనే ఉత్తేజక మత్తుమందు ఉందని ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు వచ్చింది, ఎంత ఉందో రాయలేదు. చుట్టాలేమో వడదెబ్బ అంటున్నారు. ఏది నమ్మాలి?
(ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: రెండూ కలిసే ప్రాణం తీసి ఉండవచ్చు. మెథాంఫెటమిన్ ఒంట్లో వేడి పుట్టిస్తుంది, చర్మంలోని రక్తనాళాలను బిగించి ఆ వేడిని బయటికి పోనివ్వదు. బయట 44 డిగ్రీలు, పైన రేకుల కప్పు ఉంటే ఇక చల్లబడే దారే లేదు. కండరాలు చితికి, మూత్రం నల్లబడి, మూత్రపిండాలు ఆగిపోతాయి. వడదెబ్బలోనూ ఇదే జరుగుతుంది కాబట్టి శవాన్ని చూసి విడదీయడం కష్టం.

‘ఉంది’ అన్న రిపోర్టు అది ఒంట్లోకి వెళ్లిందని మాత్రమే చెబుతుంది. అంకె ఉన్నా అదొక్కటే చాలదు. ఇంత దాటితే చావు అనే గీత ఈ డ్రగ్‌కు లేదు: అలవాటు పడ్డవాడు తట్టుకునే మోతాదుకే కొత్తవాడు పోవచ్చు. పైగా చనిపోయాక ఊపిరితిత్తుల్లో, కాలేయంలో నిలిచిన డ్రగ్ గుండె రక్తంలోకి ఊరుతుంది. తొడ సిర రక్తంతో పోలిస్తే అక్కడ రెండింతలు కనబడటం మామూలే.

ఆస్పత్రికి తీసుకెళ్లి ఉంటే కేస్ షీట్ కాపీ అడగండి. మొదట చూసిన జ్వరం, బీపీ, సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయా చెప్పే రక్తపరీక్ష), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే పరీక్ష) చాలా విలువైనవి. మెదడులో రక్తస్రావం ఉందా, గుండె రక్తనాళాలు ఎలా ఉన్నాయి, పురుగుమందు పరీక్ష చేశారా అన్నవీ చూడాలి. వీటన్నిటితో పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు గారి తుది అభిప్రాయాన్ని దర్యాప్తు అధికారి ద్వారా రాతపూర్వకంగా కోరండి.

ప్రశ్న: విస్రాను ఎప్పుడూ ఉప్పు ద్రావణంలోనే పంపుతున్నాం. మెఫెడ్రోన్ (మెథాంఫెటమిన్‌లాగే ఉత్తేజపరిచే మరో మత్తుమందు) అనుమానమున్నా ఇదే చాలా?
(ఒక డ్యూటీ డాక్టరు, జనగామ)

జవాబు: చాలదు. జీర్ణాశయం, 30 సెంటీమీటర్ల చిన్నపేగు, 500 గ్రాముల కాలేయం, రెండు మూత్రపిండాల్లో సగం సగం ఎలాగూ తీస్తారు. జాడీ మూడింట రెండు వంతులే నింపాలి, లేకపోతే గ్యాసుకు మూత లేస్తుంది. కానీ ఇక్కడ అసలు సాక్ష్యం రక్తం. తొడ సిరను పైన ముడివేసి, కాలు పిండకుండా, సూదితో 10 మిల్లీలీటర్లు తీయండి. ప్రతి మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్, దాంతోపాటు పొటాషియం ఆక్సలేట్ ఉండాలి. షుగర్ పరీక్షల చిన్న ట్యూబులో ఫ్లోరైడ్ సాధారణంగా అంత ఉండదు. మూత్రం, కంటి లోపలి ద్రవం వేరువేరుగా తీయండి.

మెఫెడ్రోన్ జాతి డ్రగ్స్ గది వేడిలో నిలవవు. రక్తం ఎండాకాలంలో పోలీస్ స్టేషన్ బీరువాలో వారం ఉంటే ‘లేదు’ అని రిపోర్టు వచ్చినా ఆశ్చర్యం లేదు. ఫ్రిజ్‌లో పెట్టండి, ఆలస్యమయ్యేలా ఉంటే మైనస్ 20 డిగ్రీల్లో. ఏ నమూనానూ ఫార్మలిన్‌లో వేయకండి, అది హిస్టోపాథాలజీ (మైక్రోస్కోపు పరీక్ష) ముక్కలకే. వాడిన ఉప్పు ద్రావణం కొంత విడిగా సీలు చేసి జత చేయండి. ఫారంలో ‘తెలియని విషం’ అని వదిలేయకుండా అనుమానం పేరుతో రాయండి, ఎందుకంటే ఆంఫెటమిన్ జాతి డ్రగ్స్‌ను త్వరగా పట్టే పరీక్ష స్ట్రిప్పులు చాలావరకు మెఫెడ్రోన్‌ను పట్టవు. కుళ్లిన శవంలో, జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్ వల్ల అదే స్ట్రిప్పు తప్పుడు పాజిటివ్ చూపగలదు. జీసీ-ఎంఎస్ లేదా ఎల్‌సీ-ఎంఎస్ (డ్రగ్‌ను కచ్చితంగా గుర్తించే ల్యాబ్ యంత్రాలు) నిర్ధారణ లేకుండా దేన్నీ నమ్మవద్దు.

ప్రశ్న: ఇలాంటి డ్రగ్ తీసుకున్న మనిషి కళ్లముందే ఊగిపోతుంటే ఏం చేయాలి?
(హాస్టల్ వార్డెన్, కరీంనగర్)

జవాబు: 108కి ఫోన్ చేయండి. బోర్లా పడేసి పైన కూర్చోవద్దు: పెనుగులాటతో వేడి పెరుగుతుంది, ఊపిరి ఆగుతుంది. బట్టలు వదులు చేసి, చల్లని నీళ్లు పోస్తూ ఫ్యాను పెట్టండి, చంకల్లో, గజ్జల్లో ఐసు ఉంచండి. పారాసిటమాల్ ఈ వేడిని దించదు, నలోక్సోన్ (హెరాయిన్ వంటి నల్లమందు జాతి డ్రగ్స్‌కు విరుగుడు) ఈ డ్రగ్స్‌కు విరుగుడు కాదు. ఆస్పత్రిలో లోరాజెపామ్ వంటి మత్తు ఇంజెక్షన్‌తో శాంతపరుస్తారు. కేసు భయంతో దాచకుండా, ఏం తీసుకున్నాడో, ఎప్పుడు తీసుకున్నాడో డాక్టరుకు చెప్పండి.