మయన్మార్‌లో సైనిక పాలన నీడ ఇంకా ఎందుకు తొలగలేదు?

2011లో పౌర ప్రభుత్వం ఏర్పడిన తరువాత కూడా మయన్మార్ మళ్లీ సైన్యం చేతిలోకి ఎలా వెళ్లిందన్నది ప్రశ్న. నా దృష్టిలో సైన్యం అధికారాన్ని పూర్తిగా వదులుకున్నదే లేదు.

1962 మార్చి 2న అధికారం చేజిక్కించుకున్న జనరల్ నే విన్ బ్యాంకులను, దుకాణాలను జాతీయం చేయడంతో, తరతరాలుగా అక్కడ స్థిరపడిన భారతీయులు లక్షల సంఖ్యలో దాదాపు కట్టుబట్టలతో తిరిగి రావలసి వచ్చింది. వారిలో తెలుగువారూ ఉన్నారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంప్ పేరు (బర్మా మయన్మార్ పాత పేరు) ఆ వలసలనే గుర్తుచేస్తుంది. 1987 సెప్టెంబరులో 25, 35, 75 క్యాట్ల నోట్లను పరిహారమేమీ ఇవ్వకుండా రద్దు చేసి, నే విన్‌కు అచ్చివచ్చే అంకె 9 అన్న నమ్మకంతోనే కాబోలు, 45, 90 క్యాట్ల నోట్లు తెచ్చారు. ఇళ్లలో దాచుకున్న సొమ్ము రాత్రికి రాత్రి చిత్తుకాగితమైంది. మరుసటి ఏడాది జనం వీధుల్లోకి వచ్చారు. సైన్యం తుపాకులతో అణచివేసింది.

అసలు ముడి 2008 రాజ్యాంగంలో ఉంది. పార్లమెంటులో 25 శాతం స్థానాలు సైన్యానివి, కీలక సవరణకు 75 శాతానికి మించిన ఓట్లు కావాలి. అంటే సైన్యం ఒప్పుకోనిదే ఏదీ మారదు. రక్షణ, హోం, సరిహద్దు వ్యవహారాల మంత్రులను ఎంపిక చేసేదీ సైన్యాధిపతే. అందుకే 2020 ఎన్నికల్లో ఘనవిజయం సాధించిన పౌర నేత ఆంగ్ సాన్ సూకీని 2021 ఫిబ్రవరి 1న నిర్బంధించి అధికారం చేజిక్కించుకోవడానికి సైన్యానికి కొత్త యంత్రాంగమేదీ అవసరం కాలేదు.