ఏడో గ్రేడ్‌లో ఆల్జీబ్రా మొదలవ్వలేదని కంగారు పడుతున్న తల్లికి

ప్రశ్న: మేం టెక్సస్‌లో, డాలస్ శివార్లలో ఉంటాం. మా అమ్మాయి ఏడో గ్రేడ్. లెక్కల్లో 90 పైనే వస్తాయి కానీ మామూలు మ్యాథ్ క్లాసులోనే ఉంది. మా కమ్యూనిటీలో తన ఈడు పిల్లలు ఇద్దరు ఇప్పటికే ఆల్జీబ్రా 1 చేస్తున్నారు. వాళ్లలో ఒకబ్బాయి వేసవి సెలవుల్లో పరీక్ష రాసి జామెట్రీ కూడా అవగొట్టేస్తాడట. మా వాళ్ల స్కూల్లో రోజూ అరగంట అడ్వైజరీ అని ఒక పీరియడ్ ఉంది. బ్యాగు సర్దుకోవడం, గోల్స్ రాసుకోవడం తప్ప అందులో చదువేమీ కనబడదు. ఈ వేసవిలో ఆల్జీబ్రా ఇంట్లో పూర్తి చేయించి ఎనిమిదిలో నేరుగా జామెట్రీలో వేయించాలా? లేక హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో ఫౌండేషన్ క్లాసు పెట్టించాలా? రెంటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మీ అమ్మాయి గురించి ఉన్నదానికంటే పక్కింటి పిల్లల గురించే ఎక్కువ ఉంది. తనకు లెక్కలంటే ఇష్టమో లేదో, హోంవర్కుకు ఎంతసేపు కూర్చుంటుందో, ఏ చాప్టర్ దగ్గర తడబడుతుందో మీరు రాయలేదు. వచ్చే ఏడాది సబ్జెక్టులు ఎంచుకునే కాగితాలు ఇంటికి వచ్చే రోజుల్లో ఈ ప్రశ్న ప్రతిసారీ వస్తుంది, ఊరి పేరే మారుతుంది. అడిగేది ఆల్జీబ్రా గురించే అయినా లోపల ఉన్న భయం వేరు: "ఇక్కడి పద్ధతులు మాకు తెలియక పిల్ల అవకాశాలు పోగొడుతున్నామేమో" అని. పోగొట్టలేదు. అది ముందు మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

దారులు ఇలా ఉంటాయి. ఆల్జీబ్రా 1 ఎనిమిదిలో చేస్తే తొమ్మిదిలో జామెట్రీ, పదిలో ఆల్జీబ్రా 2, పదకొండులో ప్రీకాల్క్యులస్, పన్నెండులో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి) కాల్క్యులస్. ఏడులోనే చేసిన పిల్లలు కాల్క్యులస్‌కు పదకొండులో చేరతారు. తొమ్మిదిలో మొదలుపెట్టినా, పదిలో జామెట్రీ, ఆల్జీబ్రా 2 రెండూ కలిపి తీసుకుంటే పన్నెండులో కాల్క్యులస్ అందుతుంది. ఇంజనీరింగ్‌కు పేరున్న యూనివర్సిటీలు కాల్క్యులస్ చదివి వచ్చిన పిల్లల్ని ఇష్టపడతాయి, నిజమే. దాన్ని పన్నెండులో చదివినా చాలు. ఏడో గ్రేడ్‌లో మీ కళ్లముందే మూసుకుపోతున్న తలుపేదీ లేదు.

టెక్సస్‌లో ఇంకో సంగతి కూడా ఉంది. 2023లో వచ్చిన చట్టం ప్రకారం ఐదో గ్రేడ్‌లో రాష్ట్రం పెట్టే స్టార్ (STAAR) లెక్కల పరీక్షలో పై 40 శాతంలో ఉన్న పిల్లల్ని ఆరులో అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో స్కూలే చేర్చాలి, తల్లిదండ్రులు వద్దంటే తప్ప. ఎనిమిదిలో ఆల్జీబ్రా 1కు దారి వేయడమే దాని ఉద్దేశం. అంటే రాష్ట్రమే ఎనిమిదిని మంచి వేగం అనుకుంటోంది. ఏడు అన్నది మన కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపుల్లో పుట్టిన గడువు. మీ అమ్మాయి ఆ జాబితాలో ఉందా, ఉంటే మామూలు క్లాసులోకి ఎందుకు వచ్చింది అన్నది స్కూల్లో అడిగి తెలుసుకోండి. అప్పట్లో వచ్చిన ఫారం మీద మీరే చదవకుండా సంతకం పెట్టి ఉండవచ్చు కూడా.

ఇక వేసవిలో ఒక కోర్సు మింగేయడం గురించి. దీని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. టెక్సస్‌లో క్లాసులో కూర్చోకుండా పరీక్ష రాసి క్రెడిట్ (కోర్సు పూర్తయినట్టు గుర్తింపు) తెచ్చుకోవచ్చు, 80 మార్కులు రావాలి. పిల్లలు తెచ్చుకుంటున్నారు కూడా. కానీ 80 వచ్చిందంటే 20 మార్కుల పాఠం రాలేదని అర్థం, ఆ 20 ఎక్కడ పోయిందో ఆ తర్వాత ఎవరూ చూడరు. పైగా మీ అమ్మాయి విషయంలో దాటేది ఒక కోర్సు కాదు, రెండు. ఎనిమిదో గ్రేడ్ లెక్కలు మధ్యలో ఉన్నాయని మీరు మర్చిపోయారు. వాలు (స్లోప్) అంటే ఏమిటి, రెండువైపులా ఎక్స్ ఉన్న సమీకరణం, రెండు సమీకరణాలు ఒకే బిందువు దగ్గర కలవడం, పైథాగరస్ సిద్ధాంతం, స్తూపం, శంకువు, గోళాల ఘనపరిమాణం, ఆకారాలను తిప్పడం, జరపడం, పెంచడం: ఇవన్నీ అక్కడివి. జామెట్రీ టీచర్ ఆకారాల మార్పులూ పైథాగరసూ వచ్చనుకునే పాఠం మొదలుపెడతారు. దెబ్బ మాత్రం జామెట్రీలో తెలియదు, బొమ్మలతో గడిచిపోతుంది. ఆల్జీబ్రా 2లో తెలుస్తుంది. అక్కడ పాఠం అర్థమైన పిల్ల కూడా చిన్న గుర్తు దగ్గర తప్పి లెక్కంతా పోగొట్టుకుంటుంది. అప్పటికి తొమ్మిదో పదో గ్రేడ్‌లో ఉంటుంది, ఆ మార్కు ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అంటే కాలేజీలు చూసే మార్కుల పత్రంలో, ఉంటుంది. మిడిల్ స్కూల్లో తీసుకున్న ఆల్జీబ్రా 1 మార్కు కూడా హైస్కూల్ క్రెడిట్‌గా ట్రాన్‌స్క్రిప్ట్ మీదికి వెళ్తుంది. అది జీపీఏలో (మార్కుల సగటులో), ర్యాంకులో కలుస్తుందా లేదా అన్నది ఒక్కో స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఒక్కో తీరు. తొందరపడిన ఇళ్లలో ఈ ప్రశ్న ముందు అడిగినవాళ్లు తక్కువ.

పక్కింటి పిల్లల వేగం పక్కన పెట్టి, ఈ శనివారం మీ అమ్మాయికి ఒక ఐదు లెక్కలివ్వండి. ఇరవై నిమిషాలు, కాల్క్యులేటర్ లేకుండా. జవాబుతో పాటు ఎలా చేసిందో నోటితో చెప్పమనండి, తెలుగైనా ఇంగ్లిషైనా సరే.

ఒకటి: 5 − 2(x − 3) ను చిన్నది చేయమనండి. రావలసింది 11 − 2x. −1 − 2x అని రాస్తే మైనస్‌ను బ్రాకెట్‌లోకి పంపేటప్పుడు రెండో పదం దగ్గర తప్పింది. 3(x − 3) అని మొదలుపెడితే ఏది ముందు చేయాలో పట్టుబడలేదు. రెండు: 25 శాతం తగ్గించాక బూట్ల ధర 60 డాలర్లు, అసలు ధర ఎంత? 80. చాలామంది 60లో 25 శాతం కలిపి 75 అంటారు, శాతం దేని మీద లెక్కేశారో చూడరు. మూడు: ట్యాక్సీ ఎక్కగానే 3 డాలర్లు, తర్వాత మైలుకు 2. నాలుగు మైళ్లకు 11 అయితే ఎనిమిది మైళ్లకు 22 అవుతుందా? అవదు, 19. ఎందుకు రెట్టింపు కాలేదో చెప్పగలగాలి. ఏడో గ్రేడ్ లెక్కల గుండెకాయ ఈ ప్రశ్నే. నాలుగు: ముప్పావు కప్పులో ఎనిమిదో వంతు కప్పులు ఎన్ని? ఆరు. భిన్నాన్ని తిరగేసి గుణించి ఆరు అని చెప్పి, ఎందుకు తిరగేసిందో చెప్పలేకపోతే సగం వచ్చినట్టే. ఐదు: 1 సెంటీమీటరుకు 4 మీటర్ల స్కేలుతో గీసిన హాలు బొమ్మ 3 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంది. అసలు హాలు వైశాల్యం ఎంత? 96 చదరపు మీటర్లు. 24 అన్న పిల్ల వైశాల్యాన్ని కూడా ఒక్కసారే నాలుగుతో గుణించింది.

నాలుగైనా వివరణతో సహా సరిగ్గా వస్తే, ఈ వేసవిలో ఎనిమిదో గ్రేడ్ పాఠాలు చేయించి ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 అడగండి. రోజుకు 40 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, ఎనిమిది వారాలు చాలు. ముందు వాలు, సమీకరణాలు, ఆ తర్వాత పైథాగరస్, ఘనపరిమాణాలు, చివర ఆకారాల మార్పులు. జవాబులు వచ్చి వివరణ రాకపోతే ఆ పిల్ల పద్ధతిని బట్టీ పట్టింది, 90 మార్కులు దాన్ని కప్పేస్తున్నాయి. అలాంటప్పుడు ఎనిమిదో గ్రేడ్ లెక్కల్లో ఒక ఏడాది కూర్చోవడం తనకు మేలు. మూడు లేదా అంతకంటే తక్కువ వస్తే తనను ఒక్క మాట అనకండి. తప్పు ఎక్కడ జరిగిందో రాసుకుని, ఆ కాగితం లెక్కల టీచర్‌కు పంపండి. స్కూలు ముందూ తర్వాతా జరిగే ట్యుటోరియల్స్ ఇందుకోసమే పెట్టారు, డబ్బు కట్టక్కర్లేదు.

హైదరాబాద్ ఫౌండేషన్ క్లాసు సంగతి క్లుప్తంగా చెప్తాను. మీరు రెండేళ్లలో ఇండియా వెళ్లిపోతున్నారా? అయితే అది వేరే లెక్క, వేరే ఉత్తరం రాయండి. ఇక్కడే ఉంటే అది అనవసరం. వేసవి కాలమానంలో ఇక్కడ రాత్రి ఏడంటే అక్కడ తెల్లవారుజామున ఐదున్నర. ఆ సమయానికి లేచి చెప్పే మాస్టారి మీద నాకు గౌరవమే. కానీ ఆయన చెప్పేది తొమ్మిదో తరగతి బహుపదులూ చలన సమీకరణాలూ, నాలుగు ఆప్షన్లలో ఒకటి టిక్కు పెట్టే తీరులో. ఇక్కడ స్కూల్లో తనను అడిగేది ఒక వాదన, దానికి ఆధారం, ఆ ఆధారం ఎందుకు సరిపోతుందన్న వివరణ, అదీ సొంత వాక్యాల్లో. 2023 నుంచి స్టార్ రీడింగ్ పరీక్షలోనూ చదివిన దాని నుంచి ఆధారాలు చూపిస్తూ పెద్ద జవాబు రాయాలి. రెండు పడవల్లో కాళ్లు పెట్టిన పిల్ల రెంటిలోనూ అలసిపోతుంది. అసలు ఇండియాలోనే 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇస్తూ 16 ఏళ్లలోపు పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దంది. పన్నెండేళ్ల పిల్లను డాలస్ నుంచి మీరు పంపుతానంటున్నారు.

చదువేమీ కనబడదన్నారే, ఆ అడ్వైజరీ దగ్గరికి వస్తాను. ఇది చదివినప్పుడు నాకు కాస్త కోపం వచ్చిందని దాచను. మీరు భయపడుతున్న భవిష్యత్తు నిర్ణయాలకు మొదటి కాగితం రాసేది అక్కడే. టెక్సస్‌లో 2015 నాటి చట్టం ప్రకారం ఏడులో గానీ ఎనిమిదిలో గానీ పిల్లలకు హైస్కూలు, కాలేజీ, ఉద్యోగాలకు సిద్ధపడటం గురించి తప్పనిసరిగా బోధించాలి, హైస్కూల్ ప్లాన్ తయారుచేయించాలి. దీనికి చాలా స్కూళ్లు అడ్వైజరీ పీరియడ్‌నే వాడుకుంటాయి. తొమ్మిదిలో అడుగుపెట్టేటప్పుడు మీ అమ్మాయి ఐదు ఎండార్స్‌మెంట్లలో, అంటే ఒక రంగం వైపు వెళ్లే కోర్సుల దారుల్లో, ఒకటి ఎంచుకోవాలి: స్టెమ్, బిజినెస్ అండ్ ఇండస్ట్రీ, పబ్లిక్ సర్వీసెస్, ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్, మల్టీడిసిప్లినరీ. మామూలు గ్రాడ్యుయేషన్‌కు 22 క్రెడిట్లు, ఎండార్స్‌మెంట్‌తో 26. స్టెమ్ అంటే ఆల్జీబ్రా 2, కెమిస్ట్రీ, ఫిజిక్స్ మూడూ ఉండాలి. రాష్ట్ర యూనివర్సిటీల్లో క్లాసు ర్యాంకు మీద వచ్చే ఆటోమేటిక్ అడ్మిషన్‌కు డిస్టింగ్విష్డ్ లెవల్ అనే పై స్థాయి గ్రాడ్యుయేషన్ కావాలి, దానికీ ఆల్జీబ్రా 2 తప్పదు. ఈ మాటలు మీ అమ్మాయికి తెలుసో లేదో ఇవాళే అడిగి చూడండి. తనకు తెలిసి మీకు తెలియకపోయే అవకాశమే ఎక్కువ.

బ్యాగు సర్దుకోవడం అన్నారు కదా. తొమ్మిదో గ్రేడ్‌లో మార్కులు పడిపోయే తెలివైన పిల్లల్లో చాలామందికి పాఠం రాక కాదు. ఏడుగురు టీచర్ల పనులు ఏడు గడువులతో వస్తాయి, ఒకటి అప్‌లోడ్ చేయడం మర్చిపోతారు, సున్నా పడుతుంది, సిగ్గుతో టీచర్‌ను అడగరు, రెండో సున్నా పడుతుంది. పని పూర్తయిందా, పంపించానా, టీచర్‌కు చేరిందా అని మూడుసార్లు చూసుకోవడం పన్నెండేళ్లకు అలవాటైతే పదిహేనుకు కాపాడుతుంది. అడ్వైజరీలో నేర్పేది ఇదే. మీరు మాత్రం గంటకోసారి స్కూలు మార్కుల పోర్టల్ తెరిచి, ఆఫీసు నుంచి "ఆ అసైన్‌మెంట్ మిస్సింగ్ అని ఉంది, ఏంటి?" అని మెసేజ్ పెడితే ఆ పని మీరు నేర్చుకుంటారు, తను నేర్చుకోదు. యాప్ నోటిఫికేషన్లు ఆపేయండి. ఆదివారం సాయంత్రం పావుగంట, పోర్టల్ తనే తెరిచి, రాబోయే వారంలో ఏముందో తనే మీకు చెప్పాలి. మీరు వినాలి. మధ్యలో సున్నా కనబడితే "టీచర్‌కు ఏం రాస్తావు?" అని ఒక్క ప్రశ్న అడగండి. మెయిల్ తనే రాయాలి: ఏ ప్రశ్న, ఏం ప్రయత్నించింది, ఎక్కడ ఆగింది, ఏ రోజు ట్యుటోరియల్‌కు రావచ్చు. నాలుగు వాక్యాలు. తప్పులుంటే దిద్దకండి, వెళ్లనివ్వండి.

ఇంకో చిన్న మాట. ఏడో గ్రేడ్ లెక్కల్లోనే టెక్సస్ పిల్లలకు ఇంటి బడ్జెట్, ఆస్తి అప్పుల పట్టిక, బారువడ్డీ, చక్రవడ్డీ ఉంటాయి. ఎనిమిదిలో రెండేళ్ల కాలేజీకి, నాలుగేళ్ల కాలేజీకి ఎంతవుతుందో అంచనా వేయిస్తారు. మన ఇళ్లలో పిల్లలతో డబ్బు మాట్లాడం. ఈ చాప్టర్ వచ్చినప్పుడు మాట్లాడండి. పైన చెప్పిన బూట్ల 60 డాలర్ల ధరకే 8.25 శాతం ట్యాక్స్ వేసి బిల్లు ఎంతవుతుందో తననే చెప్పమనండి, 64 డాలర్ల 95 సెంట్లు రావాలి. వేసవి కోచింగ్‌కు మీరు కట్టబోయే ఫీజు కూడా చూపించి, ఈ డబ్బుతో తనైతే ఏం చేస్తుందో అడగండి.

మీరు రెండు దారులు పోల్చమన్నారు, నా మాటల్లో సగం మీ గురించే అయింది. పోలిక ఇదీ: వేసవిలో ఎనిమిదో గ్రేడ్ పాఠాలు చదివి ఎనిమిదిలో ఆల్జీబ్రా 1, ఐదు లెక్కల పరీక్ష ఒప్పుకుంటే, మంచిది. ఎనిమిదిలో జామెట్రీ వద్దు. ఫౌండేషన్ క్లాసు వద్దు.

సబ్జెక్టుల ఎంపిక గడువుకు రెండు వారాల ముందే స్కూల్ కౌన్సెలర్‌తో సమయం తీసుకోండి. ఎనిమిదిలో ఆల్జీబ్రా 1కు ఏ పరీక్ష, ఎంత స్కోరు అడుగుతారు, మధ్యలో కష్టమైతే ఎన్ని వారాల్లోపు వెనక్కి రావచ్చు, ఆ మార్కు హైస్కూల్ జీపీఏలో కలుస్తుందా, తొమ్మిదిలో మొదలుపెట్టినవాళ్లకు రెండు లెక్కల కోర్సులు ఒకే ఏడాది తీసుకునే వీలుందా అని అడిగి, జవాబులు రాసుకోండి. అమ్మాయిని కూడా తీసుకెళ్లండి. మొదటి ప్రశ్న తననే అడగనివ్వండి.