తెల్లచీరల ఇంటికి వెళ్ళే అమ్మాయికి

అమ్మలూ, పెద్దమ్మ వందనాలు.

నిశ్చితార్థం బాగా జరిగిందని విన్నాను. సంతోషం. ఇక పనికొచ్చే మాటలు రాస్తాను, చదివి దాచుకో.

మనది గుంటూరు లూథరన్ క్రైస్తవ ఇల్లు. కమ్మలు, గాజులు, తల్లో మల్లెపూలు మనకి మామూలే. నువ్వు వెళ్ళేది విజయవాడలో చాపల మీద కూర్చుని ఆరాధించే సహవాసానికి. అక్కడ నగలుండవు, పూలుండవు, మెడలో తాళి కూడా ఉండదు. తెల్లచీర, తలమీద ముసుగు మాత్రం తప్పవు. చెప్పిన ప్రతిదానికీ తలూపకు, ప్రతిదానికీ వాదించకు. ఏది బైబిలు వాక్యం, ఏది సంఘం వాడుక, ఏది మీ అత్తగారి అలవాటు అన్నది నీ మనసులో విడదీసి పెట్టుకో. 1 తిమోతి 2:9 తీసి చూడు. బంగారం, ముత్యాలు అన్నచోటే మిగుల వెలగల వస్త్రాలు కూడా ఉన్నాయి. తెల్లరంగు మాట ఎక్కడా లేదు. తెలుపు ఆ సంఘం వాడుక, దానికి మర్యాద ఇవ్వు, అంతవరకే. కమ్మలు తీసేసి పదిహేను వేల తెల్లపట్టు కట్టేవాళ్ళని అక్కడ చూస్తావు. నువ్వు మాత్రం వాళ్ళ లెక్కలు తీయకు.

బంగారం విషయంలో తొందర వద్దు. ఆవేశంలో కానుకల పెట్టెలో వేయొద్దు, ఎవరో అన్నారని అమ్మేయొద్దు. కొన్నప్పుడు కట్టిన తరుగు, మజూరి తిరిగి రావు, రాళ్ళ బరువు తీసేసి లెక్క కడతారు. ఒక్కో వస్తువు మొత్తం బరువు, రాళ్ళు పోను బరువు కాగితం మీద రాయి. హాల్‌మార్క్ పక్కన అక్షరాలూ అంకెలూ కలిసి ఆరుండే కోడ్ ఉంటే అదీ రాసుకో. 2023 ఏప్రిల్ నుంచి అది లేకుండా కొట్టువాళ్ళు హాల్‌మార్క్ నగలు అమ్మకూడదు, అంతకుముందు చేయించిన వాటికి ఉండకపోవచ్చు. ఫొటోలు తీసి, బిల్లులతో సహా నీ పేరు మీదున్న లాకర్లో పెట్టు. అది నీ స్త్రీధనం, ఏం చేయాలన్నా నిర్ణయం నీదే.

ఒకటి మాత్రం చేయకు. పుట్టింటికి వస్తే వేసుకుని, తిరిగి వెళ్ళేటప్పుడు బస్సు తాడేపల్లి దాటి వారధి ఎక్కగానే కమ్మలు విప్పి పర్సులో పడేసుకోవడం. కుదుపుకి మర సీటు కింద పడుతుంది, వంగి వెతుకుతుంటే వెనక సీట్లో మీ సంఘం వాళ్ళే ఉంటారు. తీస్తే రెండు ఊళ్ళలోనూ తీసెయ్, లేదంటే ఇష్టం లేదని ముందే చెప్పు.

చీరలకి మంగళగిరి నేత నూలు మంచిది. ఎండలకి ఆగుతుంది, పైట తలమీద నిలుస్తుంది. సిల్కు, సింథటిక్ జారిపోతాయి. మోచేతుల దాకా చేతులుండే జాకెట్టుకి చీరతో వచ్చే 80 సెంటీమీటర్ల ముక్క చాలదు. మీటరు గుడ్డ విడిగా కొను. జాకెట్టు గుడ్డ, ఫాల్ రెండూ నానబెట్టి ఆరేశాకే కుట్టించు. లేకపోతే మొదటి ఉతుకుకే ఫాల్ కుంచించుకుని అంచు ముడతలు పడుతుంది. లోపలి లంగా కూడా తెల్లదే ఉండాలి, రంగుది అయితే ఎండలో నిలబడగానే కనిపిస్తుంది.

ముసుగుకి ఒక కిటుకు ఉంది. అందరూ ముందు భుజం దగ్గర పిన్నీసు పెట్టేసి, ఆ తర్వాత పైట తలమీదకి లాగుతారు. ప్రార్థనకి తల వంచగానే పిన్నీసు దగ్గర నేత చిరుగుతుంది. నువ్వు పైట జానెడు ఎక్కువ వదులు. ముందు తలమీద కప్పుకో, తల అటూ ఇటూ తిప్పి, కిందికి వంచి చూడు, ఎక్కడా బిగియకపోతే అప్పుడు పిన్నీసు పెట్టు. పల్చటి గంజి ఉంటే నిలుస్తుంది. గంజి చిక్కనైతే బిర్రుగా లేచి నిలబడుతుంది.

తెల్లవి ఉతకడం వేరే విద్య. చెమట పట్టినవి చన్నీళ్ళలోనే నానబెట్టు, వేణ్ణీళ్ళు పోస్తే మరక దిగబడిపోతుంది. బోరు నీళ్ళలో ఇనుము ఉంటే బ్లీచింగ్ వాడకు, పసుపుపచ్చ తిరిగిపోతాయి. జరీకి అసలే పనికిరాదు. నీలిమందు మగ్గు నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళు బకెట్లో పోసి, అప్పుడు చీర ముంచు. గుడ్డ మీద నేరుగా చుక్క పడితే ఆ మచ్చ అంత తేలిగ్గా వదలదు. పసుపు మరకకి సబ్బు రాస్తే ఎర్రబడుతుంది, కంగారు పడకు. బాగా జాడించి మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేయి, రెండు మూడు ఎండలకి పోతుంది.

ఆదివారం ఆరాధన మధ్యాహ్నం దాటుతుంది. వంట పని శనివారం రాత్రే సగం చేసుకో. కోడికూరకి ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించి ఫ్రిజ్‌లో పెట్టు, ఉల్లిపాయలు వేయించి ఉంచు. అన్నం మాత్రం రాత్రే వండి బయట పెట్టకు, మన ఎండలకి పొద్దుటికే పాడవుతుంది.

మొదటి ఆదివారం జాగ్రత్త. నీకు పసితనంలో ఇచ్చిన చిలకరింపు బాప్తిస్మం వాళ్ళు లెక్కలోకి తీసుకోరు, ముంచి ఇచ్చిందే బాప్తిస్మం అంటారు. అది తీసుకునేదాకా ప్రభువు బల్ల రొట్టె పళ్ళెం, ద్రాక్షరసం గిన్నె నీ దగ్గరకొస్తే పక్కవాళ్ళకి అందించు. అలవాటుగా చేయి పెట్టావంటే చుట్టూ గుసగుసలు. మళ్ళీ బాప్తిస్మం తీసుకోవాలా అన్నది నీ మనస్సాక్షి తేల్చాలి, పెళ్ళి తేదీ కాదు. ఇది పెళ్ళికి ముందే ఆ సంఘ పెద్దల దగ్గర కూర్చుని అడుగు. మందుల సంగతీ అప్పుడే అడుగు. మందులు మానేయమనే సంఘాలు కొన్ని ఉన్నాయి. నీ థైరాయిడ్ మాత్ర దగ్గర నేనైతే ఒప్పుకోను. కొలొస్సయులు 4:14లో లూకా ప్రియుడైన వైద్యుడే కదా.

దసరాకి ఇంద్రకీలాద్రి ఉన్న ఊళ్ళో ఇరుగుపొరుగు ప్రసాదం తేకుండా ఉండరు. విగ్రహానికి అర్పించిందని ఎవరైనా చెబితే తినొద్దని 1 కొరింథీ 10:28. తీసుకుని వెనక నుంచి చెత్తబుట్టలో వేయడం మహా పాపం లాంటిది, ఎప్పుడో ఒకప్పుడు వాళ్ళ కంట పడుతుంది. గుమ్మంలోనే చెప్పు: "ఏమనుకోకండి వదినా, మేం ప్రసాదం తీసుకోం. లోపలికి రండి, కాఫీ తాగి వెళ్దురుగాని." క్రిస్మస్‌కి నువ్వు పంపే కేకు గుడ్డు లేనిది పంపు, లేదా పళ్ళు పంపు. అపార్ట్‌మెంట్‌లో నిర్వహణ డబ్బు, ఉత్సవం చందా ఒకే రసీదులో కలిపేస్తే విడిగా రాయమని ముందే అడుగు. నిర్వహణ డబ్బు మాత్రం ఒక్కరోజు ఆలస్యం చేయకు.

మాంసం కొట్టు దగ్గర మేక నెత్తురు తీసుకోవద్దు, అపొస్తలుల కార్యములు 15:29 ప్రకారం ఆ ఇంట్లో వండరు. సినిమా, టీవీ గురించి నీ భర్త నువ్వు మాట్లాడుకోండి, ఉత్తరంలో తేలేది కాదు.

చివరిగా ఎవరూ చెప్పని సంగతి. బోసి మెడ, బోసి నుదురు, తెల్లచీర చూసి బస్సులో తెలియనివాళ్ళు నిన్ను విధవరాలనుకుంటారు. "మేం క్రైస్తవులమండీ, మావారు బాగున్నారు" అని నవ్వి ఊరుకో, ప్రసంగం మొదలుపెట్టకు. తాళి సాక్ష్యం లేదు కాబట్టి నీకు కాగితమే సాక్ష్యం. పెళ్ళి జరిపించే ఆయనకి 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు ఉందో లేదో మీ నాన్నని ఇప్పుడే కనుక్కోమను. రిజిస్టర్లో మీ ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు పడాలి. పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే, ఇంటిపేరు అక్షరాలతో సహా సరిచూసి అప్పుడు సంతకం పెట్టు. సర్టిఫికెట్ నకళ్ళు ఒకటి రెండు ఎక్కువే తీయించు, ఒకటి ఆ లాకర్లోనే పెట్టు.

ప్రభువునందు,
పెద్దమ్మ