జియోథర్మల్ హీట్ పంపు కోసం 401కె మీద అప్పు తీసుకోవచ్చా?

ప్రశ్న: మేము అమెరికాలోని మినియాపొలిస్ శివార్లలో ఉంటున్నాం. ఇంటిని వెచ్చబరచడానికి ఏటా 3,000 డాలర్ల ప్రొపేన్ గ్యాసు తాగే పాత ఫర్నేసు స్థానంలో, నేలలోని వేడిని ఇంట్లోకి తోడే జియోథర్మల్ హీట్ పంపుకు 40,000 డాలర్లు అడుగుతున్నారు. అందులో 30 శాతం పన్ను రాయితీగా తిరిగి వస్తుందట. ఉద్యోగం ద్వారా దాచుకునే రిటైర్మెంటు పొదుపు ఖాతా 401కె మీద అప్పు తీసుకోవచ్చా? ఆరేడేళ్లలో హైదరాబాదు వచ్చేయాలని ఉంది.

జవాబు: ముందు ఆ 30 శాతాన్ని లెక్కలోంచి కొట్టేయండి. 2022 నాటి చట్టం దాన్ని 2032 దాకా ఇస్తామన్నా, 2025 జూలై 4న సంతకమైన చట్టం ఆ ఏడాది డిసెంబరు 31తోనే ముగించింది. అడ్వాన్సు కట్టిన తేదీ కాక బిగింపు పూర్తయిన తేదీయే ప్రమాణం గనుక, ఇప్పుడు మొదలుపెట్టే పనికి ఆ 12,000 డాలర్లు రావు. మీకిచ్చిన కొటేషన్లో ఆ అంకె ఇంకా ఉంటే, అది పాత కాగితమనుకోవడమే మర్యాద.

యంత్రం మీద నాకు అనుమానం లేదు. జనవరిలో బయటి గాలి సున్నాకు ఇరవై సెల్సియస్ డిగ్రీలు కిందికి పోయినా, పెరట్లో రెండు మూడు వందల అడుగుల బోరులో దింపిన గొట్టాల చుట్టూ నేల పది డిగ్రీల దరిదాపుల్లోనే నిలకడగా ఉంటుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్లకు పైగా వేడిని ఇంట్లోకి తోడుకోవచ్చు. ఇంట్లోని యంత్రం ఇరవై ఏళ్లకు పైగా, నేలలోని గొట్టాలు యాభై ఏళ్లు మన్నుతాయి. మీరు వాడుకునేది మాత్రం ఆరేడేళ్లే.

ఫర్నేసు, ఏసీ ఎలాగూ మార్చాలి కనుక, వాటికి 15,000 అవుతాయనుకుంటే, మీరు అదనంగా పెట్టేది 25,000. కరెంటు ఖర్చు పోను ఏటా 1,600 మిగిలినా ఏడేళ్లకు చేతికొచ్చేది 11,200. తక్కిన 13,800 ఇల్లు అమ్మినప్పుడు ధరలో రావాలి. అది ఆశ పెట్టుకోదగ్గదే గానీ, లెక్కలో వేసుకోదగ్గది కాదు.

ఇక 401కె జోలికి పోవద్దు. అప్పు తీరకముందే ఉద్యోగం మారినా, పోయినా, మిగిలిన బాకీని ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోగా సర్దలేకపోతే దాన్ని ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేస్తారు. సాధారణంగా 59½ ఏళ్లు నిండనివారికి దాని మీద మరో 10 శాతం పడుతుంది.

చలి ప్రాంతాలకు తయారుచేసిన, నేలకు బదులు బయటి గాలిలోంచి వేడిని తోడే హీట్ పంపుకు, దానికి తోడుగా చిన్న ప్రొపేన్ ఫర్నేసుకు రెండు కొటేషన్లు తెప్పించుకోండి. మీ కరెంటు సంస్థ రిబేటు ఇస్తుందేమో సంతకానికి ముందే అడగండి. ఏటా 1,600 చొప్పున ఆ 25,000 తిరిగి రావడానికి పదహారేళ్లు పడుతుంది గనుక, ఒకవేళ ఆ ఇంట్లోనే అంతకు పైగా ఉండాలని నిర్ణయించుకుంటే, పన్నెండు నెలల ప్రొపేన్ బిల్లులు, కరెంటు యూనిట్ ధర రాసి పంపండి. లెక్క మళ్లీ వేద్దాం.