తల అరిగిన బోల్టు, తల తినే యాప్

సైకిల్ ప్రశ్నలు వస్తే ‘ఇది టెక్ శీర్షిక, మెకానిక్‌ను అడగండి’ అని పక్కన పెట్టేవాణ్ణి. ఈ-సైకిళ్లు వచ్చాక ఆ పప్పులు ఉడకడం లేదు. ప్రతి వారం అదే గోల: బోల్టు విప్పే కీ తిరుగుతోంది, బోల్టు తిరగడం లేదు. ఈసారి మూడింటికి జవాబు చెప్పేసి కొన్నాళ్లు ఈ ఊసెత్తను.

ప్రశ్న: ఈ-సైకిల్ కొని ఏడాదైంది. హ్యాండిల్ కాస్త పక్కకు తిరిగితే సరిచేద్దామని స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టి ఉంచే భాగం) బోల్టు విప్పబోయాను. అలెన్ కీ (ఆరు పలకల కీ) గిర్రున తిరుగుతోంది గానీ బోల్టు కదలడం లేదు. వీడియో చూసి రబ్బరు బ్యాండు అడ్డం పెట్టినా లాభం లేదు. డ్రిల్ వేయించమంటారా? (కొర్లగుంట, తిరుపతి)

డ్రిల్ జోలికి ఇప్పుడే పోకండి. రబ్బరు బ్యాండు చిట్కా వదులుగా ఉన్న చిన్న స్క్రూకైతే పనికొస్తుందేమో. బిగుసుకున్న సైకిల్ బోల్టుకు పెడితే రబ్బరు ముక్కలు ఏరుకోవడమే మిగులుతుంది.

‘బోల్టు పోయింది’ అని అందరూ ఒకే మాట రాస్తారు గానీ అందులో రెండు రోగాలున్నాయి. తలలోని ఆరు పలకల గుంట అరిగి గుండ్రమైతే కీ తిరుగుతుంది, బోల్టు కదలదు. లోపలి మర కొట్టుకుపోతే బోల్టే తిరుగుతుంది, బయటికి రాదు. మీది మొదటిది. రెండోదాంతో పోలిస్తే జలుబు లాంటిది.

మీ ఫొటో చూస్తే నాకు బోల్టు కన్నా కీ మీదే అనుమానం వచ్చింది. దాని అంచులు గులకరాయిలా నున్నబడి మెరుస్తున్నాయి. సైకిళ్లకు కావలసినవి మిల్లీమీటర్ కీలు. చౌక సెట్లలో అంగుళాల కీలు కూడా కలిసి వస్తాయి. 3/16 అంగుళం అంటే 4.76 మిల్లీమీటర్లు. 5 మిల్లీమీటర్ల గుంటలో అది హాయిగా దిగుతుంది, కాస్త లొడలొడలాడుతుంది, అంతే. ఆ లొడలొడే మూలల్ని తినేస్తుంది. చివర గుండు ఉన్న కీతో గట్టి బోల్టు విప్పబోవడం ఇంకో తెలివి. ఆ గుండు ఏటవాలుగా తిప్పుకోవడానికి, మొదటి పట్టు విడిపించడానికి కాదు.

ముందు గుండుసూది తీసుకుని గుంట అడుగున గీకండి. నూనె, దుమ్ము కలిసి ఎండిన నల్లటి పెళ్ల ఊడి వస్తుంది. అది ఉన్నంతసేపూ కీ సగమే దిగుతుంది. పాత కీ చివర రెండు మిల్లీమీటర్లు ఆకురాయితో అడ్డంగా అరగదీస్తే అంచులు మళ్లీ పదునుగా వస్తాయి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. కొట్టే ముందు డిస్క్ బ్రేకుకు ప్లాస్టిక్ కవరు చుట్టండి. ప్యాడ్లకు నూనె తగిలిందంటే బ్రేకు పట్టదు.

అప్పటికీ జారితే నక్షత్రం ఆకారంలో ఉండే టోర్క్స్ బిట్ తెచ్చుకోండి. 4 మిల్లీమీటర్ల గుంటకు టీ25, 5 మిల్లీమీటర్లకు టీ30. గుంట కన్నా పిసరంత పెద్దవి కాబట్టి సుత్తితో మెల్లగా తట్టి దించాలి. అటువైపు ఎవరైనా హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకోవాలి. కార్బన్ హ్యాండిలైతే సుత్తి ముట్టుకోవద్దు. దిగిన బిట్‌ను ఒక్క ఊపున కాకుండా నిదానంగా తిప్పండి. ‘టక్’ మని చిన్న చప్పుడొస్తే పని అయినట్టే. తల పైకి పొడుచుకొచ్చిన బోల్టైతే హాక్సా బ్లేడుతో అడ్డంగా గాడి కోసి స్క్రూడ్రైవర్‌తోనూ తిప్పొచ్చు. డ్రిల్ ఆఖరి మాట: తల తెగి ఊడిపోతే బిగువు పోతుంది, మిగిలిన కాడ చాలాసార్లు కటింగ్ ప్లయర్‌కే వచ్చేస్తుంది.

విరిగిన బోల్టులో గుచ్చి లాగే ఎక్స్‌ట్రాక్టర్ జోలికి మాత్రం కొత్తవాళ్లు వెళ్లకండి. రెండేళ్ల కిందట డిస్క్ బ్రేకు బోల్టు ఒకటి రాక, పౌరుషం కొద్దీ దాన్నే వాడాను. లోపలే పుటుక్కున విరిగింది. అది గట్టి ఉక్కు, మామూలు డ్రిల్ బిట్ దాని మీద జారుతుంది తప్ప కొరకదు. రేణిగుంట రోడ్డులో ఒక లేత్ షాపుకు తీసుకెళ్తే ఆయన చక్రం అటూ ఇటూ తిప్పి చూసి, “మొదటిసారి జారినప్పుడే వచ్చింటే పది నిమిషాల పని సామీ. అంతా అయినాక తెచ్చినావు. పుత్తూరు కట్టు కట్టేదానికి ఇదేమన్నా ఎముకా?” అన్నాడు. చక్రం నడిమి భాగం, అంటే హబ్, మార్చాల్సి వచ్చింది. డిస్క్ బోల్టులకు ఫ్యాక్టరీలోనే జిగురు పూస్తారని, సోల్డరింగ్ ఐరన్ మొన తలలో కాసేపు ఆనిస్తే అది మెత్తబడుతుందని ఆయనే చెప్పాడు. ఇంట్లో మూడు సోల్డరింగ్ ఐరన్లు పెట్టుకుని నేను చేసిన నిర్వాకం ఇది.

బయటికొచ్చిన బోల్టును మళ్లీ బిగించకండి. కొత్తది అదే పొడవు, అదే గ్రేడు (బలాన్ని చెప్పే అంకె) ఉండాలి. తల మీద 12.9 అని ఉంటే, తళతళలాడుతోందని ఏ2-70 స్టెయిన్‌లెస్ తేవద్దు. దాని బలం ఇంచుమించు అరవై శాతమే. స్టెమ్ మీద ‘5 ఎన్‌ఎం’ (న్యూటన్ మీటర్లు) అని ఉంటుంది చూడండి. పది సెంటీమీటర్ల కీ చివర అయిదు కిలోలు వేలాడదీసినంత బిగువు అది. మనవాళ్లు ఒంటి బరువంతా వేస్తారు. అలాగని వదులుగానూ వదలకండి. భాకరాపేట ఘాట్ దిగుతుంటే హ్యాండిల్ ఒకవైపు, చక్రం ఇంకోవైపు చూస్తే పట్టుకునే నాథుడుండడు.

ప్రశ్న: ఈ-సైకిల్ బ్యాటరీ పెట్టె స్క్రూలు అరిగిపోయాయి. నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేస్తే, వాట్సాప్‌లో ఒక యాప్ పంపి ఇన్‌స్టాల్ చేసుకుని పది రూపాయలు కడితే మనిషిని పంపుతామన్నారు. ఇన్‌స్టాల్ చేశాను, డబ్బు ఇంకా కట్టలేదు. కట్టొచ్చా? (చిత్తూరు)

స్క్రూల సంగతి తర్వాత. ముందు ఆ ఫోన్‌లో డేటా, వైఫై ఆపేయండి. ఇది చదవడం కూడా ఆపి ఆ పని చేసి రండి.

మీరు మాట్లాడింది కంపెనీతో కాదు. వెతికితే పైన కనబడే నంబర్లలో దొంగలు పెట్టినవీ ఉంటాయి. పది రూపాయలు ఎర మాత్రమే. వాళ్లకు కావలసింది ఆ యాప్ మీ ఫోన్‌లో ఉండటం. అది మెసేజ్‌లు చదివే అనుమతి తీసుకుంటే మీ ఓటీపీలు మీకన్నా ముందు వాళ్లు చూస్తారు. యాక్సెసిబిలిటీ అనుమతి ఇచ్చి ఉంటే మీ బదులు వాళ్లే స్క్రీన్ మీద నొక్కగలరు. పది రూపాయలు కట్టడానికి మీరు పిన్ కొట్టేటప్పుడు అది చూడటమే వాళ్ల పథకం.

సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ చూసి ఆ యాప్‌కు ఇచ్చిన అనుమతులు తీసేసి, తర్వాత దాన్ని తొలగించండి. వీలైతే ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. వేరే ఫోన్ నుంచి, ఏటీఎం కార్డు వెనక ఉన్న నంబరుకే బ్యాంకుకు ఫోన్ చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. రూపాయి పోయినా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపించాలంటే నిమిషాలు లెక్క. సిగ్గుపడి సాయంత్రం దాకా ఎవరికీ చెప్పకుండా కూర్చునేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. సర్వీసు నంబరు ఎప్పుడూ బిల్లు మీదో, వారంటీ కార్డు మీదో చూసుకోవాలి.

ఇక స్క్రూలు. బ్యాటరీ పెట్టె దగ్గర డ్రిల్ వద్దే వద్దు. బిట్ లిథియం సెల్‌లో దిగినా, ఇనుప రజను లోపల పడి షార్టయినా మంటే. బ్యాటరీ తీయగలిగితే బయట పెట్టి పని చేయించండి, లేదంటే డీలర్ దగ్గరికే తోసుకుంటూ వెళ్లండి.

అసలు మనిషి ఈ గతికి ఎందుకొచ్చాడు? పెట్టెకు మధ్యలో పిన్ను ఉన్న స్క్రూలు వేస్తారు, వాటి బిట్ వీధి షాపులో దొరకదు. స్క్రూ మాత్రం మైనం లాంటి మెత్తని లోహం. పైన ‘ఊడితే వారంటీ లేదు’ అని స్టిక్కర్. వీటికి తోడు ఒక యాప్! లాగిన్ కాకపోతే మోటారు కదలదు. మొన్న ఒక అప్‌డేట్ తర్వాత నా సైకిల్ యాప్ కాంటాక్టులు చూపించమంది. నేను చంద్రగిరి కోట దాకా వెళ్లి రావడానికి మా అత్తగారి నంబరు దానికెందుకు? 2022 డిసెంబరులో కేంద్రం ‘రైట్ టు రిపేర్’ (రిపేరు చేయించుకునే హక్కు) పోర్టల్ తెచ్చింది. అలాంటివి ఎన్ని తెచ్చినా అయిదు రూపాయల బోల్టు దగ్గర కక్కుర్తి పడేవాళ్లను ఏం చేస్తాం.

ప్రశ్న: ఎడమ పెడల్ రావడం లేదు. ఆరు నెలలుగా వారానికోసారి పానా వేసి అపసవ్య దిశలో తిప్పుతున్నాను. బలం చాలక పైపు కూడా తొడిగాను. (పలమనేరు)

ఎడమ పెడల్‌కు మర ఎదురు దిశలో ఉంటుంది. ఆరు నెలలుగా మీరు దాన్ని బిగిస్తున్నారు.